గడువు తప్పిన హక్కు

పొదిలి ప్రాంతపు రైతునకు గడువు అను మాటను క్రొత్తగా బోధింపవలసిన పనిలేదు. పొదిలి, దర్శి సీమలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో చేరి, వెంకటగిరి సంస్థానమువారి జమీందారీలో నుండెడివి. రైతు జమీందారునకు శిస్తు కట్టుచుండెను. జమీందారు ప్రభుత్వమునకు పేష్కషు కట్టుచుండెను. 1802వ సంవత్సరమున ఏర్పడిన శాశ్వత శిస్తు పద్ధతి ప్రకారము పేష్కషు గడువులోపల చెల్లినంతకాలము జమీందారీ నిలుచును. చెల్లనిచో అది వేలమునకు వచ్చును. 1948వ సంవత్సరపు మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టముతో ఆ ఏర్పాటు ముగిసినది. అయినను కట్టినంతకాలమే హక్కు నిలుచునను సూత్రము మఱియొక రంగమున నేటికిని అమలులో నున్నది. అదియే పేటెంటుల రంగము.

రేడియోగల కుటుంబములకు ఇంకను దగ్గరి ఉదాహరణము కలదు. ఏటేట పోస్టాఫీసునకు పోయి, రేడియో లైసెన్సు రుసుము చెల్లించి, పుస్తకమున ముద్ర వేయించుకొను ఆచారము 1980 దశకము వఱకు మన దేశమున నుండెను. పెట్టె మన సొమ్మే. దానిని వినుటకు అనుమతి మాత్రము ఏటికేడు తెచ్చుకొనవలసినదే. పేటెంటునకు కట్టు నవీకరణ రుసుము, అనగా వాడుకలో రెన్యూవలు ఫీజు, చూపునకు అట్టిదే. కాని దాని వెనుకనున్న తలంపు వేఱు. ఆ తలంపు ఎట్లు పుట్టినది, మన మెట్టప్రాంతపు ప్రత్తికిని మిరపకును దానితో నేమి సంబంధము అను విషయమును ఇచ్చట కొంత వివరింపదలచినాము.

పేటెంటు అనగా ప్రజలకును, క్రొత్త యంత్రమునో క్రొత్త విధానమునో కనిపెట్టినవానికిని నడుమ జరుగు ఒక బేరము. కనిపెట్టినవాడు తన రహస్యమును దాచక, తెలిసినవారు చదివి తిరిగి చేయగలుగునట్లు వ్రాసి ప్రభుత్వమున కప్పగించును. అందులకు ప్రతిఫలముగా కొన్ని సంవత్సరములపాటు అతని అనుమతి లేక ఇతరులు దానిని చేయరాదు, అమ్మరాదు అని ప్రభుత్వము కట్టడి చేయును. గడువు తీరినంతనే ఆ విద్య అందఱి సొత్తగును. రిజిస్టరు చేసిన డిజైను దీనికి చెల్లెలివంటిది. వస్తువు పనిచేయు తీరును గాక, కంటికి కనబడు రూపమును అది కాపాడును. బిందె ఆకారము, గుడ్డమీది అచ్చు నమూనా, రేడియోపెట్టె ముఖభాగపు తీరు ఇట్టివి డిజైనులు.

ఈ హక్కునకు మధ్యమధ్య రుసుము కట్టించు పద్ధతికి ఇంగ్లండులో 1852వ సంవత్సరపు చట్టము గట్టి పునాది వేసినది. అంతకు పూర్వము ఆ దేశమున పేటెంటు పొందుట ధనవంతులకే సాధ్యమైయుండెను. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండులకు వేఱువేఱుగా పత్రములు సంపాదింపవలెను. మూడింటికిని కలిపిన ఖర్చు 300 పౌనులను మించెడిది. 1852 చట్టము మూడు రాజ్యములకును ఒకే పేటెంటు నేర్పఱచి, తొలుత కట్టవలసినది 25 పౌనులకు దించినది. అయితే మూడవ సంవత్సరాంతమున 50 పౌనులు, ఏడవ సంవత్సరాంతమున 100 పౌనులు కట్టినగాని హక్కు పదునాలుగేండ్లును నిలువదని విధించినది. ఫలితము విచిత్రముగా నుండెను. మూడేండ్ల మెట్టు దగ్గఱనే నూటికి సుమారు 70 పేటెంటులు మురిగిపోయెను. ఏడేండ్ల మెట్టు దాటునప్పటికి నూటికి సుమారు 10 మాత్రమే మిగిలెను.

ఈ లెక్కను రెండువిధములుగా చదువవచ్చును. ఫలింపని పేటెంటును యజమాని తానే వదలుకొనును. వదలినదానిని ప్రజలు పదునాలుగేండ్లు వేచియుండక ముందుగానే వాడుకొందురు. ఈ దృష్టితో చూచిన, రుసుము ఒక జల్లెడ. విలువగల హక్కు పైన నిలుచును. తక్కినది క్రిందికి జాఱి లోకమునకు చేరును. కాని ఆ జల్లెడ కన్నములలోనుండి పేదవాని మంచి కల్పన గూడ జాఱిపోవచ్చును. వందపౌనులు లేనివాని యంత్రము పనికిమాలినదని ఎవరు చెప్పగలరు? ఈ బాధను గుర్తించియే 1883లో అచ్చట తొలి రుసుమును 4 పౌనులకు తగ్గించిరి. రుసుము హెచ్చైన బీదవానికి అన్యాయము, మఱీ తక్కువైన పనిచేయని హక్కులు లోకమున కడ్డుగా నిలుచును. నాటినుండి నేటి వఱకు శాసనకర్తలు ఈ రెంటి నడుమనే త్రోవ వెదకుచున్నారు.

మన దేశమున ఈ చరిత్ర 1856వ సంవత్సరముతో మొదలగుచున్నది. ఆ యేడు మొదటి చట్టము వెలువడినది. మార్చి 3వ తేదీన కలకత్తాలోని జార్జి ఆల్‌ఫ్రెడ్ డిపెన్నింగు, పంకాలను లాగు ఒక యంత్రమునకై తొలి దరఖాస్తు పెట్టెను. బ్రిటిషు రాణి అనుమతి ముందుగా పొందలేదను కారణమున ఆ చట్టము మఱుసటి యేడే రద్దయి, 1859లో సవరణలతో మరల వచ్చినది. 1872లో నమూనాలకును డిజైనులకును రక్షణ కలిగినది. 1888లో రెండును ఒక చట్టమున చేరినవి. 1911వ సంవత్సరపు భారత పేటెంటుల, డిజైనుల చట్టముతో దీనికంతకును ఒక కంట్రోలరు అధికారి ఏర్పడెను. పేటెంటు కాలము పదునాలుగేండ్లు. 1930 సవరణతో పదునాఱేండ్లైనది. విధించిన కాలమున రుసుము కట్టనిచో పేటెంటు అంతరించునని ఈ చట్టము స్పష్టముగా చెప్పినది. పొరపాటున గడువు తప్పినవానికి మరల హక్కును బ్రతికించుకొనుటకు ఒక త్రోవయు చూపినది. డిజైనునకు మొదట అయిదేండ్లు, కోరి రుసుము కట్టిన మఱి అయిదేండ్లు, ఆపైన ఇంకొక అయిదేండ్లు ఇచ్చినది.

గడువు తీరిన పేటెంటు ప్రజలకు ఎట్లు ఉపయోగపడునో తెలిసికొనుటకు గుంటూరు, చిలకలూరిపేట, నరసరావుపేటల ప్రత్తిమిల్లులలోనికి తొంగిచూచిన చాలును. అచ్చటి రోలరు జిన్నులో తోలుచుట్టిన రోలరు దూదిని పట్టి లాగును. కదలని కత్తి గింజను ఆపును. కదలు కత్తి ఆ గింజను కొట్టి విడదీయును. ఈ యేర్పాటునకు 1840లో అమెరికాలో ఫోన్సు మెకార్థీ పేటెంటు పొందెను. ఒక దేశపు పేటెంటు ఆ దేశపు ఎల్లలు దాటి చెల్లదు. పైగా కాలము తీరిన పిదప స్వదేశమునను చెల్లదు. కనుకనే ఇంగ్లండులోని ఓల్డుహాములో ప్లాటు సోదరులవంటి యంత్రకారులు ఆ తీరు జిన్నులను చేసి ప్రపంచమంతట అమ్మగలిగిరి. మన దేశపు కార్ఖానాలును పిదప వానిని తయారుచేసినవి. ఆ కల్పనకు ఇప్పుడు ఎవరికిని ఒక పైసయైనను చెల్లింపనక్కఱ లేదు. హక్కునకు కాలము తీరుట ఒకరికి నష్టముగా తోచినను, లోకమునకు అది పంట చేతికి వచ్చు దినము.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఈ బేరము మన ప్రజలకు లాభముగా నున్నదా యని విచారింపబడినది. 1948లో బక్షీ టేక్‌చంద్ అధ్యక్షతన ఒక సంఘము, పిదప న్యాయమూర్తి ఎన్. రాజగోపాల అయ్యంగారి విచారణము జరిగినవి. అయ్యంగారి నివేదిక 1959లో వెలువడెను. దేశములోని పేటెంటులలో మిక్కిలి పెద్దభాగము విదేశీయులవే యనియు, అందు అధికసంఖ్యాకములు ఇచ్చట వస్తువును తయారుచేయుటకై గాక, ఇతరులు తయారుచేయకుండుటకై ఉంచుకొనబడినవే యనియు ఆయన తేల్చెను. రుసుము కట్టుచుండుటచే హక్కు సజీవమే. కాని ఆ హక్కుక్రింద ఒక్క మిల్లైనను తిరుగదు. ఇట్టి స్థితిని మార్చుటకు పుట్టినదే 1970వ సంవత్సరపు పేటెంటుల చట్టము. అది 1972 ఏప్రిలు 20న అమలులోనికి వచ్చినది. ఆహార పదార్థములకును మందులకును పేటెంటు తయారుచేయు విధానమునకే గాని వస్తువునకు ఉండరాదని అది విధించెను. ఆ నీడలో పెరిగిన పరిశ్రమలలో హైదరాబాదునందలి డాక్టర్ రెడ్డీస్ ఒకటి. 1984లో దానిని స్థాపించిన కల్లం అంజిరెడ్డిగారు గుంటూరు జిల్లా తాడేపల్లిలో జన్మించినవారు. ప్రపంచ వాణిజ్య ఒప్పందమును అనుసరించి 2005 జనవరి 1 నుండి మందులకును వస్తు పేటెంటు మరల వచ్చినది.

నేటి చట్టమున పేటెంటు కాలము దరఖాస్తు దినమునుండి ఇరువది సంవత్సరములు. మొదటి రెండేండ్లకు నవీకరణ రుసుము లేదు. మూడవ సంవత్సరపు రుసుమును రెండవ సంవత్సరము ముగియకముందే కట్టవలెను. ఏటేట ఇదే వరుస. వ్యక్తులును చిన్నసంస్థలును ఎలక్ట్రానిక్ పద్ధతిని చెల్లించినచో, మూడవ యేటినుండి ఆఱవ యేటి వఱకు ఏడాదికి 800 రూపాయలు. పదవ యేటి వఱకు 2,400. పదునైదవ యేటి వఱకు 4,800. ఇరువదవ యేటి వఱకు 8,000. మొత్తము కూడిన 76,800 రూపాయలగును. పెద్ద సంస్థలకు ఇందులకు అయిదురెట్లు. మెట్టుమెట్టునకు రుసుము పెరుగుటలో ఒక అర్థమున్నది. లేత పైరుమీద భారము వేయరాదు; కాపు పట్టిన తరువాత కట్టగలడు. కాపు రానిచో విడిచిపెట్టి నేలను ఊరికి వదలును.

పేటెంటు చేతికి వచ్చుట ఆలస్యమైనచో, గడచిన సంవత్సరముల రుసుములన్నియు ఒక్కసారిగా మీదపడును. క్రొత్తవారు మోసపోవు తావు ఇదియే. కాగితము చేతికి వచ్చినదను సంతోషమున, ఆ దినమునుండియే మఱియొక గడువు నడువ మొదలిడినదని వారు గమనింపరు. వార్షిక గడువు తప్పిన పిదప అదనపు రుసుముతో ఆఱునెలల వఱకు కట్టవచ్చును. అదియు దాటినచో పేటెంటు మురిగిపోవును. మురిగిన దినమునుండి పదునెనిమిది నెలలలోపల పునరుద్ధరణకు అర్జీ పెట్టవచ్చును. కాని తప్పు బుద్ధిపూర్వకము కాదనియు, అర్జీ పెట్టుటలో అనవసరపు జాప్యము లేదనియు కంట్రోలరునకు నమ్మకము కలిగింపవలెను. నడుమకాలమున, హక్కు లేదని నమ్మి ఆ వస్తువును తయారుచేయ మొదలిడినవారికి చట్టము రక్షణ ఇచ్చును. డిజైనులకు 2000వ సంవత్సరపు చట్టము ప్రకారము పదేండ్లు, రుసుము కట్టి కోరినచో ఇంకొక అయిదేండ్లు కాలము. పొడిగింపు కోరుట మఱచినవాడు ఒక సంవత్సరములోపల పునరుద్ధరణ కోరవలెను. తేదీని జ్ఞప్తియందుంచుకొను బాధ్యత మాత్రము ఎల్లప్పుడును హక్కుదారునిదే.

చిన్న రుసుమునకు ఎంతటి బలమున్నదో చూపు సంగతి ఒకటి 2025లో లోకమంతట వ్యాపించినది. మధుమేహమునకును స్థూలకాయమునకును వాడు సెమాగ్లూటైడు అను మందుపై డెన్మార్కునందలి నోవో నార్డిస్క్ సంస్థకు కెనడాలో పేటెంటు ఉండెను. 250 డాలర్ల వార్షిక రుసుమును ఆ సంస్థ తొలుత చెల్లించి, ఆలోచించుకొనుటకు వ్యవధి కావలెనని తిరిగి తీసికొనినది. పిదప ఆలస్యపు రుసుముతో 450 డాలర్లు రావలసియున్నదని కార్యాలయము తెలిపినను, ఇచ్చిన వ్యవధిలో కట్టలేదు. ఆ దేశమున హక్కు మురిగిపోయినది. వందలకోట్ల డాలర్ల వ్యాపారమునకు ఆధారమైన పత్రము నాలుగువందల చిల్లర డాలర్లు లేక పోయినది. ఆ మందును తక్కువ ధరకు కెనడాలో అమ్ముటకు అనుమతి కోరిన సంస్థలలో మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్‌ సంస్థయు నొకటి. ఒకరు వదలిన గడువు దూరదేశపు రోగికిని, మన కార్ఖానా కార్మికునికిని త్రోవ తెఱచునని దీనివలన తెలియుచున్నది.

ఇక మన పొలములకు వత్తము. పురుగును తట్టుకొను బీటీ ప్రత్తి విత్తనము 2002లో దేశమున అనుమతి పొందినది. 2006 నాటికి 450 గ్రాముల పొట్లము 1,600 నుండి 1,850 రూపాయల వఱకు అమ్ముడుపోయెను. అందు పెద్దభాగము జన్యువునకు కట్టు రుసుమే. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు అప్పుచేసి కొనిరి. విశేషమేమనగా, ఆ మొదటితరపు బీటీ జన్యువునకు భారతదేశమున పేటెంటే లేదు. రుసుము ఒప్పందముల బలముతో వచ్చుచుండెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తవ్యాపార నిరోధక సంఘమునెదుట ఫిర్యాదు చేసి, ఆ సంవత్సరమే పొట్లము ధరను 750 రూపాయలకు దించినది. రెండవతరపు జన్యువునకు మాత్రము మోన్‌సాంటో సంస్థ 1999 నవంబరున దరఖాస్తు పెట్టి, 214436 సంఖ్యగల పేటెంటు పొందియుండెను. దానిపై నూజివీడు సీడ్స్ సంస్థతో వ్యాజ్యము నడచినది. ఢిల్లీ హైకోర్టు ధర్మాసనము 2018 ఏప్రిలులో ఆ పేటెంటు చెల్లదనెను. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ తీర్పును త్రోసిపుచ్చి, విచారణకు మరల పంపెను. అంతలోనే 2019 నవంబరుతో ఇరువదియేండ్ల కాలము నిండినది. 2020లో కేంద్రప్రభుత్వము జన్యువు రుసుమును సున్నగా నిర్ణయించినది. రైతు కొను పొట్లము ధర ఆ యేడు 730 రూపాయలవద్దనే యుండెను. హక్కు ముగిసినంత మాత్రమున లాభము తానై రైతుగడపకు నడచిరాదు; అడుగువారుండవలెను. అడుగుటకు, ఏ హక్కు ఏ దినమున పుట్టి ఏ దినమున తీరునో తెలిసియుండవలెను. పేటెంటుల రిజిస్టరు ప్రజలు చూచుటకే ఉన్నది.

మనము ఇతరుల హక్కులకు లోబడినవారమే కాదు, హక్కు గలవారము కూడ. గుంటూరు సన్నం మిరప పేరు భౌగోళిక సూచికగా రిజిస్టరైనది. దానికి దరఖాస్తు పెట్టినది సుగంధద్రవ్యముల బోర్డు. ఈ భౌగోళిక సూచికల చట్టము 1999లో శాసనమై, 2003 సెప్టెంబరు 15న అమలులోనికి వచ్చినది. రిజిస్ట్రీ చెన్నపట్టణమున నున్నది. పేటెంటునకును దీనికిని ఒక ముఖ్యభేదము గమనింపదగినది. పేటెంటు ఎంత కట్టినను ఇరువదియేండ్లకు ముగియును. ఊరిపేరు హక్కు పదేండ్లకొకమారు నవీకరించినంతకాలము నిలుచును. నవీకరింపక మఱచినచో అదియు రిజిస్టరునుండి తొలగును. ఆ పేరును వాడుకొను రైతులును వర్తకులును అధీకృత వినియోగదారులుగా వేఱుగ నమోదు కావలెను. ఆ నమోదునకును గడువున్నది. వేఱుచోటి కాయను సన్నమని అమ్మువానిని నిలదీయుటకు రిజిస్టరులోని ఈ పంక్తియే ఆధారము. మంగళగిరి నేతకును, వెంకటగిరి చీరకును, ఉదయగిరి కొయ్యపనికిని ఇదేవిధమైన ఆధారమున్నది.

ఇక స్వయముగా యంత్రములు కల్పించినవారి మాట. నల్గొండ జిల్లా ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబమున పుట్టిన చింతకింది మల్లేశంగారు, చీరకు ఆసు పోయుటలో తల్లి పడు చేతినొప్పిని చూడలేక, 1992 నుండి 1999 వఱకు శ్రమించి ఆసుయంత్రమును చేసిరి. దానికి తల్లి పేరే పెట్టిరి. అది లక్ష్మీ ఆసుయంత్రము. పేటెంటును, 2017లో పద్మశ్రీ బిరుదమును ఆయనను వరించినవి. ఇట్టి పల్లెటూరి కల్పకులకు తోడ్పడుటకు అహమ్మదాబాదు ప్రాంతమున జాతీయ నవకల్పనా సంస్థ 2000 సంవత్సరమునుండి పనిచేయుచున్నది. పొదిలి సీమలోను పొగాకు బ్యారనునకో, మిరప కళ్లమునకో, ప్రత్తి చేనికో పనికివచ్చు కల్పన చేయు కమ్మరి, వడ్రంగి, మెకానిక్కు లేకపోరు. వారికి మా మనవి యిది. మొదట మీ కల్పనను పదుగురిలో ప్రదర్శింపకముందే దరఖాస్తు పెట్టుడు. తెలుగు రాష్ట్రములకు పేటెంటు కార్యాలయము చెన్నపట్టణమున నున్నది. డిజైనుల శాఖ కలకత్తాలో నున్నది. పిదప గడువుల పట్టికను వ్రాసి, ఇంట ఇద్దఱికి తెలియునట్లు గోడకు తగిలింపుడు. విలాసము మారినచో కార్యాలయమునకు వెంటనే తెలుపుడు. ఏజెంటునకు అప్పగించినను, రసీదును మీరే అడిగి చూచుకొనుడు. యజమాని మరణించినచో వారసులు తమపేర హక్కును మార్పించుకొని రుసుము కట్టుట మానరాదు.

అయితే అన్నిటికిని కట్టితీరవలెనని మా యభిప్రాయము కాదు. అయిదాఱేండ్లు గడచినను ఒక్క యంత్రమైనను అమ్ముడుపోనిచో, ఆ 2,400 రూపాయలను విత్తనమునకో పిల్లల చదువునకో వినియోగించుట మేలు. అట్లు తెలిసి వదలుట నష్టము కాదు. ఆ కల్పనను మఱియొకడు మెఱుగుపఱచి నిలుపవచ్చును. తెలియక వదలుటయే నష్టము. తెలిసి వదలినది ఊరికి దానమగును, మఱచి వదలినది ఇంటికి లోటగును. కావున ఏటికొకమారు, ఉగాదికి పంచాంగము విప్పునప్పుడు, మన పత్రముల తేదీలను గూడ ఒకసారి విప్పి చూచుకొందము. మనపై చెల్లుచున్న ఇతరుల హక్కుల తేదీలను గూడ ఆ దినముననే విచారింతము.